మొక్కు దేవునిది, పాదాలు మనవి

పాదయాత్ర పుణ్యకార్యమనుటలో నాకు ఎట్టి సందేహమూ లేదు. అది ఆరోగ్యకార్యం కూడా కాగలదు. అయితే ఈ రెండవ ఫలం అందరికీ దానంతటదే సిద్ధించదు. ఏడాది పొడవునా కుర్చీలో కూర్చుని, ఒక్క శుభముహూర్తాన చెప్పులు విడిచి రహదారి మీద అడుగుపెట్టిన వారికి యాత్ర ఆరోగ్యాన్ని ప్రసాదించకపోగా, ఉన్న ఆరోగ్యాన్ని హరించే ప్రమాదం ఉన్నది. ముఖ్యంగా చక్కెర వ్యాధి గలవారు వట్టి పాదాలతో దూరయాత్ర చేయరాదని, అట్టి మొక్కు ఉంటే దానిని మరొక రూపంలో చెల్లించుకొనవలెనని నా నిశ్చితాభిప్రాయం. ఈ మాట కొందరు భక్తులకు కష్టం కలిగించవచ్చును. కాని శాస్త్రం చదివి, నాడి పట్టి, నాలుగు దశాబ్దాలుగా రోగులను చూస్తున్న వాడను గనుక చెప్పక తప్పదు.

మా పరకాల యాత్రామార్గంలో ఉన్న ఊరు. రెండేండ్లకొకమారు మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరకు కరీంనగర్, హుజూరాబాద్ దిక్కు నుండి వచ్చే జనం పరకాల, రేగొండ, గణపురం, జంగాలపల్లి, పస్రా మీదుగా సాగిపోతారు. 1996లో ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించిన తరువాత రహదారులు, బస్సులు విస్తరించినవి. అయినను కాలినడకన వచ్చెదమని మొక్కుకున్న వారు ఇప్పటికీ ఉన్నారు. మహాశివరాత్రికి నల్లమల మార్గాన శ్రీశైలం పోయేవారు, అలిపిరి మెట్ల దారిన తిరుమల ఎక్కేవారు, ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు 32 కిలోమీటర్ల సింహాచల గిరిప్రదక్షిణ చేసేవారు మా ప్రాంతపు కుటుంబాలలో కూడా కలరు. యాత్రకు ముందు సలహా కోసం వచ్చేవారు కొద్దిమంది. యాత్ర ముగిసిన తరువాత బొబ్బలతో, వాచిన మోకాళ్లతో, ఎండదెబ్బతో వచ్చేవారు ఎక్కువమంది. ఈ లెక్క తారుమారు కావలెనని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

పూర్వులు నడిచారు కదా?

ఈ ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. "మా తాత పాదాలకు చెప్పు ఎరుగడు, ఎనభై ఏండ్లు బ్రతికినాడు" అంటారు. నిజమే. కాని ఆ తాతగారు యాత్ర నాడు మాత్రమే నడిచినవాడు కాడు. ప్రతిదినం పొలం గట్ల మీద, చెరువు కట్ట మీద నడిచి నడిచి ఆయన అరికాలు తోలు వలె గట్టిపడినది. మేడారం పోవునప్పుడు ఎడ్లబండి వెంట ఉండెడిది. అలసినవారు బండి ఎక్కేవారు. ఎడ్లు అలసినచోట మనుషులూ ఆగేవారు. దారి మన్ను దారి. చెట్ల నీడ ఉండెడిది. పొద్దెక్కితే వంట, పొద్దు వాలితే నడక.

నేడు మనం నడిచేది తారు రోడ్డు. మధ్యాహ్నం అది పెనం వలె కాగుతుంది. ఆఫీసుకు ఉన్న సెలవులు రెండో మూడో గనుక రోజుకు నలభై కిలోమీటర్లు ముగించవలెనన్న తొందర. దానికి తోడు రక్తపోటు, చక్కెర, స్థూలకాయం. మార్గం మారినది, వేగం మారినది, నడిచే దేహమూ మారినది. కనుక పూర్వుల పేరు చెప్పి వారి పద్ధతిలో ఒక్క భాగాన్ని మాత్రమే అనుకరించుట సరికాదు.

శ్రీశైల మార్గాన్నే చూడండి. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటి కైలాసద్వారం చేరే అడవి దారి ఎంతో ప్రాచీనమైనది. ఉగాదికి కన్నడ భక్తులు వేలాదిగా ఈ త్రోవనే వస్తారు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి సోపానాలు కట్టించాడని చరిత్ర చెబుతున్నది. ఆ రాజుకు భక్తి లేకనా మెట్లు కట్టించినది? యాత్రికుని మోకాలికి కలిగే శ్రమను తగ్గించుట కూడా ఈశ్వరసేవయే అని ఆయన ఎరుగును. బాటల పక్కన బావులు త్రవ్వించుట, సత్రాలు కట్టించుట, చలివేంద్రాలు పెట్టుట ఈ భావన నుండి పుట్టినవే. నడిచేవాని శరీరాన్ని రక్షించుట మన ధర్మంలో మొదటినుండి ఉన్న అంశమే.

శాస్త్రం ఏమంటున్నది?

గురుకులంలో మాకు అష్టాంగహృదయం సూత్రస్థానం కంఠస్థం చేయించేవారు. అందులో రెండవ అధ్యాయం దినచర్య. బలవంతుడు, స్నిగ్ధాహారం తినేవాడు కూడా చలికాలంలోను, వసంతంలోను తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయవలెనని, తక్కిన ఋతువులలో అంతకంటె తగ్గించవలెనని వాగ్భటుడు విధించాడు. సగం శక్తి అయినదని తెలుసుకొనుట ఎట్లు? నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పట్టుట, నోరు ఎండుట, నోటితో శ్వాస తీయవలసి వచ్చుట దాని గుర్తులు. ఈ గుర్తులు కనబడినచోట కూర్చోవలెను. పక్కవాడు ఇంకా నడుస్తున్నాడని మనం నడువరాదు. అర్ధశక్తి అనేది ఎవరిది వారిదే.

నడక విషయంలో సుశ్రుతుడు మరింత స్పష్టంగా ఉన్నాడు. దేహాన్ని అతిగా బాధించని నడక ఆయుష్షును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని వృద్ధి చేస్తుందని చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో చెప్పాడు. ఆ అధ్యాయంలోనే, ఎల్లప్పుడు చెప్పులు లేకుండా తిరుగుట అనారోగ్యకరం, ఆయుష్షుకు చేటు, కండ్లకు హానికరం అని కూడా చెప్పాడు. వాగ్భటుడు గొడుగు, పాదరక్షలు ధరించి, ముందు కొద్ది దూరం వరకు నేలను చూచుకుంటూ నడువుమన్నాడు. చరకుడు సూత్రస్థానం ఐదవ అధ్యాయంలో పాదరక్షా ధారణను, పాదాలకు తైలాభ్యంగాన్ని ప్రత్యేకంగా ప్రశంసించాడు. కనుక చెప్పులు తొడుగుట నేటి నాగరికపు సుకుమారమని ఎవరైనా అంటే, అది శాస్త్రసమ్మతం కాదు.

ఇక్కడ చదువుకున్న పాఠకులు ఒక ఆక్షేపణ తెస్తారు. వారి ఆక్షేపణ బలమైనదే. సుశ్రుతుడు చికిత్సాస్థానం 11వ అధ్యాయంలో, ధనం లేని, బంధువులు లేని ప్రమేహరోగి చెప్పులు, గొడుగు లేకుండా, భిక్షాన్నం తింటూ, ఊరికొక రాత్రి చొప్పున ఉంటూ, మునివలె నియమంతో నూరు యోజనాలో, అంతకంటె ఎక్కువో నడువవలెనని చెప్పాడు. యోజనానికి నాలుగు క్రోసులు లెక్కిస్తే ఇది నాలుగువందల క్రోసుల నడక. "చక్కెర వ్యాధికి వట్టికాళ్ల యాత్రయే మందు అని మీ శాస్త్రమే చెబుతున్నది కదా!" అని ఒక రిటైర్డు ఉపాధ్యాయులు నాతో వాదించారు.

ఆ విధి పూర్వాపరాలను చూడవలెను. ఆ అధ్యాయం ప్రారంభంలోనే సుశ్రుతుడు ప్రమేహాన్ని రెండు విధాలుగా విభజించాడు. పుట్టుకతో వచ్చినది ఒకటి, అపథ్యం వలన వచ్చినది మరొకటి. మొదటి రోగి కృశించి ఉంటాడు, రెండవవాడు లావుగా ఉంటాడు. కృశించినవానికి పోషణ, లావుగా ఉన్నవానికి కర్శనం విధించాడు. అనగా ఆ దూరపు నడక తిని కూర్చుని లావెక్కినవాని కోసం. రెండవది, ఊరికొక రాత్రి అన్నాడే గాని మూడు దినాలలో ముగించుమని అనలేదు. మూడవది, ప్రమేహంలో పుట్టే పుండ్లకు 12వ అధ్యాయం, ముదిరిన మధుమేహానికి 13వ అధ్యాయం వేరుగా కేటాయించాడు. వ్యాధి దశను బట్టి చికిత్స మారుతుందని ఈ అధ్యాయ విభజనయే చాటుతున్నది. చరకుడు నిదానస్థానంలో ప్రమేహ పూర్వరూపాలను చెప్పునప్పుడు కాళ్లు చేతుల తిమ్మిరిని, మంటను పేర్కొన్నాడు. తిమ్మిరి ఎక్కిన పాదానికి ముల్లు తెలియదు, వేడి తెలియదు, బొబ్బ తెలియదు. అటువంటి పాదంతో నూరు యోజనాలు నడువుమని ఏ ఆచార్యుడూ చెప్పలేదు.

నా వద్దకు వచ్చిన ఒక గృహిణి సంగతి చెబుతాను. వయస్సు యాభై దాటినది. చక్కెర వ్యాధి పది సంవత్సరాలుగా ఉన్నది. కుమారుని ఉద్యోగం కోసం వట్టి పాదాలతో యాత్ర మొక్కుకున్నది. యాత్ర నిర్విఘ్నంగా ముగిసినదని ఆమె భావించినది. ఐదవ దినం మేజోడు మీద చీము మరక చూచి కూతురు గుర్తించినది. బొటనవేలి క్రింద విరిగిన ముల్లు ఉన్నది. ఆమెకు నొప్పి లేదు. నొప్పి లేకపోవుటయే అక్కడ అసలు రోగం. వెంటనే శస్త్రవైద్యుని వద్దకు పంపితిని. పాదం దక్కినది గాని రెండు వ్రేళ్లు పోయినవి. చక్కెర వ్యాధిలో పాదం మీది పుండుకు ఇంటి వైద్యం పనికిరాదు. నా వైద్యమూ ముందుగా పనికిరాదు. ఒక్క రోజు కూడా ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవలెను.

ఇంటిలోనే చేసుకోదగిన పాద పరీక్ష

చక్కెర వ్యాధి గల ప్రతివారు యాత్ర సంకల్పించుటకు ముందు ఈ పరీక్ష చేయించుకొనవలెను. దీనికి ఖర్చు లేదు. రోగి కండ్లు మూసుకుని పడుకొనవలెను. ఇంటివారు ఒకరు తమ చూపుడు వ్రేలి కొనతో రోగి రెండు పాదాల బొటనవ్రేలు, నడిమి వ్రేలు, చిటికెన వ్రేలు — మొత్తం ఆరు చోట్ల — ఒక్కొక్కటి ఒకటి రెండు క్షణాలు మెత్తగా తాకవలెను. నొక్కరాదు, రుద్దరాదు. తాకినప్పుడు ఏ పాదమో రోగి చెప్పవలెను. ఆరింటిలో రెండు గాని అంతకుమించి గాని తెలియకపోతే పాదంలో స్పర్శ తగ్గినదని గ్రహించి వైద్యుని సంప్రదించవలెను. ఆధునిక వైద్యులు కూడా ఈ స్పర్శ పరీక్షను అంగీకరించారు. స్పర్శ తగ్గినవారు వట్టి పాదాలతో ఇంటి వాకిలి కూడా దాటరాదు.

మరి మొక్కు మాటేమిటి? మొక్కు దేవునికి మనం ఇచ్చిన మాట. మాట నిలుపుకొనవలసినదే. అయితే మొక్కు చెల్లించే రూపాన్ని మార్చుకునే అవకాశం మన ఆచారంలోనే ఉన్నది. మేడారంలో నిలువెత్తు బంగారం అని బెల్లం తూకం వేసి సమర్పిస్తారు. అమ్మవారు లోహాన్ని అడుగలేదు. బెల్లాన్నే బంగారంగా స్వీకరించినది. అట్లే నడువలేని వారు నడిచేవారికి చలివేంద్రం పెట్టవచ్చును, అన్నదానం చేయవచ్చును, చెప్పులు లేని పేద యాత్రికులకు చెప్పులు కొనివ్వవచ్చును. ఇంటి పెద్దలు, పురోహితులు ఈ మాట చెబితే రోగులు వింటారు. వైద్యుడు చెబితే మందులవాడు భక్తి లేక చెబుతున్నాడని అనుకుంటారు.

మండలం దినాల సన్నాహం

దీక్షకు మండలం పాటించే మనం నడకకు కూడా మండలం పాటించవలెను. ఆరు వారాలు చాలును. మొదటి వారం ఉదయం మూడు కిలోమీటర్లు. తరువాత వారానికి ఒకటి రెండు కిలోమీటర్లు పెంచుతూ పోవలెను. వారంలో ఒక దినం విశ్రాంతి. ఐదవ వారంలో వరుసగా రెండు దినాలు పన్నెండు పదిహేను కిలోమీటర్లు నడిచి చూడవలెను. మొదటి దినం నడుచుట గొప్ప కాదు. రెండవ దినం ఉదయం కాళ్లు ఏమంటున్నవో తెలియుట ముఖ్యం. ఆరవ వారం సగానికి తగ్గించి దేహానికి విశ్రాంతినివ్వవలెను. కొండ ఎక్కవలసిన వారు ఇంటి మేడమెట్లనైనా ఎక్కి దిగి అలవాటు చేసుకొనవలెను. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఉన్నవని మరువరాదు. భీముని కొలను వద్ద లోయలోకి దిగి మరల ఎక్కవలెను. ఎక్కుటకంటె దిగుట మోకాళ్లకు ఎక్కువ శ్రమ.

ఈ మండలమంతా రాత్రివేళ పాదాలకు, పిక్కలకు, మోకాళ్లకు గోరువెచ్చని నువ్వుల నూనెతో మర్దన చేసుకొనవలెను. పాదాభ్యంగం వలన గరుకుదనం, బిగువు, తిమ్మిరి, పగుళ్లు తగ్గి పాదాలకు బలం చేకూరునని చరకుడు చెప్పియున్నాడు. కీళ్ల నొప్పులు గలవారు మహానారాయణ తైలం వాడవచ్చును. చెప్పులు గాని బూట్లు గాని యాత్రకు కొత్తవి కొనరాదు. కొత్త చెప్పు కరుస్తుంది. నెల దినాలు తొడిగి మెత్తబడినవి, నడకలో పాదం కొంత ఉబ్బుతుంది గనుక కాస్త వదులుగా ఉన్నవి శ్రేష్ఠం. మేజోళ్లు రెండు మూడు జతలు ఉంచుకుని తడిసినప్పుడు మార్చవలెను. గోళ్లు యాత్రకు మూడు నాలుగు దినాల ముందే అడ్డంగా, మూలలు లోతుకు పోకుండా కత్తిరించుకొనవలెను.

దారిలో ఆహారం, పానీయం, విశ్రాంతి

నడకకు ఉత్తమ సమయం తెల్లవారుజామున నాలుగింటి నుండి తొమ్మిదింటి వరకు, తిరిగి సాయంకాలం నాలుగింటి నుండి చీకటి పడే వరకు. మాఘంలో దేహబలం బాగుండును గాని శివరాత్రి దాటితే ఎండ ముదురుతుంది. ఉగాది నాటికి పగటి నడక మానవలెను. అయితే నల్లమలలో వెంకటాపురం తరువాత పులుల అభయారణ్యం గనుక అక్కడ చీకటి నడక పనికిరాదు. అటవీశాఖ, దేవస్థానం వారు అనుమతించిన దినాలలో, గుంపుగా మాత్రమే పోవలెను. రహదారిపై రాత్రి నడిచేవారు తెల్లని వస్త్రాలు ధరించి, ఎదురుగా వచ్చే వాహనాలు కనబడునట్లు కుడివైపు అంచున నడువవలెను.

ఆకలితోను దప్పికతోను ఉన్నవారికి వ్యాయామం నిషిద్ధమని చరకుని మాట. కనుక కటిక ఉపవాసంతో యాత్ర కూడదు. ఉపవాస నియమం గలవారు పండ్లు, పాలు, పేలాల పిండి తీసుకొనవచ్చును. ఉదయం బయలుదేరునప్పుడు ఒక గ్లాసు జొన్న అంబలి గాని రాగి జావ గాని త్రాగవలెను. సంచిలో పేలాలు, వేయించిన శనగలు, బెల్లం, ఎండు ఖర్జూరాలు ఉంచుకొనవలెను. ఇవి చెడిపోవు, బరువు కావు. మధ్యాహ్నం పెరుగన్నం లేక పప్పన్నం కొద్దిగా. కడుపు నిండా తిని వెంటనే నడక ప్రారంభించరాదు.

చెమటతో నీరు మాత్రమే కాదు, ఉప్పు కూడా పోతుంది. కేవలం మంచినీరే కడవల కొద్దీ త్రాగుట మంచిది కాదు. పలుచని మజ్జిగలో చిటికెడు ఉప్పు, శొంఠి పొడి, కరివేపాకు నలిపి కలుపుకుని గంటకొకమారు కొద్ది కొద్దిగా త్రాగవలెను. వట్టివేళ్లు వేసిన కుండనీరు దాహాన్ని చక్కగా తీరుస్తుంది. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు రెండు మూడు వెంట ఉంచుకొనుట అవసరం. ఒక లీటరు పొట్లాన్ని ఒక లీటరు నీటిలోనే కలపవలెను, గ్లాసులో కలపరాదు. రక్తపోటు గలవారు ఉప్పు తగ్గించి త్రాగవలెను.

చక్కెర మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి మరొక ప్రమాదం ఉన్నది. మందు వేసుకుని, తినకుండా, ఎక్కువ నడిస్తే చక్కెర అకస్మాత్తుగా పడిపోవును. చేతుల వణుకు, చల్లని చెమట, గుండెదడ, మాట తడబాటు దాని గుర్తులు. వెంటనే బెల్లం ముక్కో గ్లూకోజో తినిపించవలెను. యాత్రా దినాలలో మందు మోతాదు ఎంత ఉండవలెనో ముందుగానే మీ వైద్యుని అడుగవలెను. స్వయంగా మందు మానరాదు, మార్చరాదు.

స్త్రీల గురించి ఒక మాట. దారిలో మరుగు లేదని ఎందరో స్త్రీలు నీరు త్రాగుట మానివేస్తారు, మూత్రాన్ని గంటల తరబడి ఆపుకుంటారు. వేగాలను అణచరాదని చరకుడు సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో పదమూడింటిని లెక్కించాడు. అందులో మూత్రవేగం ఉన్నది. శ్రమ వలన కలిగే రొప్పు కూడా ఉన్నది. నీరు త్రాగక, మూత్రం ఆపుకొనుట వలన మంట, జ్వరం, నడుమునొప్పి వచ్చి యాత్ర మధ్యలోనే ఆగినవారిని చూచితిని. పురుషులు ఈ ఇబ్బందిని గుర్తించి, ఎక్కడెక్కడ మరుగుదొడ్లు ఉన్నవో ముందుగా విచారించుకుని విడిదులు నిర్ణయించవలెను.

బొబ్బలు, పట్లు, ఎండదెబ్బ

బొబ్బ పుట్టుటకు ముందు ఆ చోట వేడిగా, చురుకుగా ఉండును. అప్పుడే ఆగి మెత్తని గుడ్డ గాని ప్లాస్టరు గాని అంటించవలెను. బొబ్బ లేచిన తరువాత సూదితో గుచ్చరాదు, పై తోలు ఒలువరాదు. శుభ్రమైన నీటితో కడిగి, ఆరనిచ్చి, కట్టు కట్టవలెను. దానంతటది పగిలితే జాత్యాది తైలంలో తడిపిన శుభ్రమైన గుడ్డ వేయవచ్చును. సున్నం, బూడిద, మట్టి ఎన్నడూ పూయరాదు. తొడలు ఒరుసుకునే చోట బయలుదేరుటకు ముందే కొబ్బరినూనె పలుచగా రాసుకొనవలెను. కాలివేళ్ల సందులు మాత్రం పొడిగా ఉండవలెను.

పిక్కలు పట్టినప్పుడు కాలు చాచి, వేళ్లను మోకాలి వైపు మెల్లగా లాగి పట్టుకొనవలెను. తరువాత ఉప్పు మజ్జిగ త్రాగవలెను. రాత్రి విడిదిలో గోరువెచ్చని ఉప్పునీటిలో పావుగంట పాదాలు ఉంచి, తుడిచి, నూనె మర్దన చేసి, కాళ్లను ఎత్తుగా పెట్టి నిద్రించవలెను. స్పర్శ తగ్గినవారు వేడినీటిలో పాదం పెట్టరాదు; కాలినా తెలియదు.

నొప్పి మాత్రలు మింగుతూ నడిచే అలవాటు నేడు పెరిగినది. నొప్పి ఆగుము అని దేహం చెప్పే మాట. నీరు తగ్గిన దేహంలో ఈ మాత్రలు మూత్రపిండాలకు హాని చేయగలవు. జాతర్లలో ఎవరో అమ్మే పేరులేని చూర్ణాలు, నూనెలు కూడా అంతే ప్రమాదకరం. ఆయుర్వేదమని పేరు పెట్టినంత మాత్రాన ఔషధం కాదు.

దేహం నిప్పువలె కాలుట, మాట పొంతన లేకుండుట, తూలుట, స్పృహ తప్పుట ఎండదెబ్బ లక్షణాలు. రోగిని నీడకు చేర్చి, వస్త్రాలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరుతూ 108కి కబురు చేయవలెను. స్పృహ లేనివాని నోటిలో నీరు పోయరాదు. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకే నొప్పి, విశ్రాంతి తీసుకున్నా తగ్గని ఆయాసం ఉంటే అది అజీర్ణమని సోడా త్రాగుతూ కూర్చొనక ఆసుపత్రికి చేర్చవలెను.

ఎవరు నడువరాదు?

గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ, పాదాలలో పుండ్లు, తీవ్రమైన కీళ్లవాతం ఉన్నవారు, గర్భిణులు, ఇటీవల జ్వరం, విరేచనాలు వచ్చి తగ్గినవారు దూరపు పాదయాత్రకు పూనుకొనరాదు. తిరుమల తిరుపతి దేవస్థానం వారు కూడా 2024లో, అరవై ఏండ్లు పైబడినవారు, చక్కెర, అధిక రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ, కీళ్లవ్యాధులు గలవారు కాలినడకన కొండ ఎక్కుట శ్రేయస్కరం కాదని విజ్ఞప్తి చేశారు. దేవస్థానమే ఈ మాట చెప్పిన తరువాత వాహనంలో పోయితే ఫలం తగ్గునన్న శంకకు తావు లేదు. నేనూ అరవై దాటినవాడనే. ఇప్పుడు దూరమార్గంలో కొంత నడిచి, అర్ధశక్తి గుర్తు కనబడగానే బస్సు ఎక్కుతున్నాను.

అన్నదాతలకు విన్నపం

దారి పొడవునా అన్నదాన శిబిరాలు పెట్టే పుణ్యాత్ములకు నమస్కరించి ఒక విన్నపం చేస్తున్నాను. మిర్చి బజ్జీలు, పూరీలు, మిఠాయిలు, రంగునీళ్లు నడిచేవానికి మేలు చేయవు. వాటి ఖర్చుతోనే పలుచని మజ్జిగ, జావ, పులిహోర, పెసరపప్పు కిచిడీ, అరటిపండ్లు ఇవ్వవచ్చును. ప్రతి శిబిరంలో ఒక మూల నాలుగు బకెట్ల నీళ్లు, సబ్బు, శుభ్రమైన గుడ్డలు పెట్టి యాత్రికులు పాదాలు కడుగుకుని చూచుకునే ఏర్పాటు చేయవలెను. స్త్రీల కోసం తడికలతోనైనా మరుగు కట్టవలెను. ప్లాస్టిక్ గ్లాసులకు బదులు విస్తరాకు దొప్పలు వాడితే అడవికీ మేలు. ఊరిలోని వైద్యులు, ఏ పద్ధతివారైనా సరే, వంతులవారీగా అక్కడ కూర్చుంటే ఎన్నో పాదాలు నిలుస్తాయి.

రాబోయే యాత్రకు మీ ఇంటినుండి ఎవరైనా బయలుదేరదలచితే ముందు ఆరు వారాల నడక, చక్కెర ఉన్నవారికి ఆరు వ్రేళ్ల పరీక్ష, వైద్యుని సలహా — ఈ మూడూ పూర్తి అయిన తరువాతనే తేదీ నిర్ణయించండి. పరీక్షకు పట్టేది ఐదు నిమిషాలు. ఈ రాత్రి భోజనమైన తరువాత ఇంటిలోని పెద్దవారి పాదాలను మీ చేతితో తాకి చూడండి.